ఆటలతో నిండిన ఎస్సెస్డీ మందగిస్తుందా?



ఈ పూట ప్రసంగాన్ని ఒక ఇంటి తగాదాతో మొదలుపెడతాను. హోసూరులో మా బావగారికి చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు వీడియో తీసి, ఎడిట్ చేసి ఇస్తారు. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. పగలు దాని మీద స్టూడియో పని, రాత్రి దాని మీదే మా మేనల్లుడి ఆటలు. కిందటి పెళ్ళిళ్ళ సీజనులో ఒకరోజు కెమెరామన్ జేబులో పట్టే డ్రైవులో 120 జీబీ పెళ్ళి వీడియో తెచ్చి ఇచ్చాడు. కాపీ మొదట పరుగెత్తింది. కొన్ని నిమిషాలకే నీరసపడి, అర్ధగంట దాకా లాగింది. ఆ తర్వాత ఎడిటింగు మొదలుపెడితే బొమ్మ ఆగి ఆగి కదలడం, చోటు లేదని కంప్యూటరు గోల పెట్టడం. పెళ్ళివారికి మాట ఇచ్చిన తారీఖు దగ్గర పడింది. "నీ ఆటలు కుక్కి కుక్కి దాని ప్రాణం తీశావు గదరా" అని బావగారు కొడుకు మీద విరుచుకుపడ్డారు. రిపేరు కుర్రవాడు వచ్చి చూసి, డ్రైవు పని అయిపోయింది, కంప్యూటరే మార్చేయండి అన్నాడు. అక్క నాకు ఫోను చేసేసరికి తండ్రీ కొడుకులు రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు.

మేనల్లుడు ఫోను లాక్కుని అడిగిన ప్రశ్న ఇది. "మామా, ఆటలు డ్రైవులో ఊరికే పడి ఉన్నాయి. నేను ఆడనప్పుడు అవి ఏం చేస్తాయి? డ్రైవు నిండితే స్పీడు తగ్గుతుందా?"

తండ్రి మాటలో సగం, కొడుకు మాటలో సగం నిజం ఉంది. ఎవరిది ఏ సగమో తేల్చుకోవాలంటే ముందు ఆ డ్రైవు లోపల జరిగే పని తెలియాలి. మన సరిహద్దు ఊళ్ళలో రిపేరు దుకాణానికి వెళితే, కోలారులో అయితే కన్నడంలో, రాయగడలో అయితే ఒడియాలో, నాందేడ్‌లో అయితే మరాఠీలో చెబుతారు. ఎక్కడైనా అసలు సంగతి మాత్రం నాలుగు ఇంగ్లీషు మాటల మధ్య జారిపోతుంది. మనం తలూపి డబ్బు కట్టి వస్తాం. అందుకని ఇవాళ దీన్ని మన మాటల్లోనే విడమరచి చూద్దాం.

నిండితే మందగిస్తుందన్న భయం మనకు పాత హార్డ్ డిస్కుల కాలం నుంచి వచ్చింది. ఆ భయం అప్పట్లో న్యాయమైనదే. హార్డ్ డిస్కు అంటే గిరగిరా తిరిగే పళ్ళెం, దాని మీద అటూ ఇటూ కదిలే చిన్న చెయ్యి. పళ్ళెం అంచు దగ్గర ఒక్క చుట్టులో ఎక్కువ సమాచారం చదవవచ్చు, మధ్యకు వచ్చేకొద్దీ తక్కువ. డిస్కు సాధారణంగా అంచు నుంచే నిండుతుంది కాబట్టి చివరన చేరినవాటికి నిదానమైన చోటే మిగులుతుంది. పైగా నిండిన డిస్కులో ఒకే ఫైలు ముక్కలు ముక్కలుగా నలుమూలలా పడుతుంది. ప్రతి ముక్కకూ ఆ చెయ్యి కదలాలి. విండోస్ 98 రోజుల్లో రంగురంగుల గళ్ళు కదులుతూ ఉంటే గంటల తరబడి డీఫ్రాగ్ చేసుకున్నవాళ్ళకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది.

సాలిడ్ స్టేట్ డ్రైవు, అంటే ఎస్సెస్డీ, ఆ జాతిదే కాదు. అందులో తిరిగేది లేదు, కదిలేది లేదు. అంతా ఫ్లాష్ మెమరీ చిప్పులు. జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా, ఆయన సహచరులు 1987లో వెల్లడించిన నాండ్ ఫ్లాష్ అనే పద్ధతి మీదే ఈనాటి ఎస్సెస్డీలు, ఫోనుల్లోని మెమరీ, పెన్‌డ్రైవులు నడుస్తున్నాయి. ఇందులో ఒక ఫైలు పది ముక్కలుగా ఉన్నా, పక్కపక్కనే ఉన్నా చదవడానికి పెద్ద తేడా రాదు. కాబట్టి దీనికి డీఫ్రాగ్ అక్కరలేదు. ఎవరైనా చేయిస్తామంటే వద్దనండి, ఊరికే రాతలు పెరిగి డ్రైవు అరుగుతుంది.

అయితే ఈ ఫ్లాష్‌కు ఒక విచిత్రమైన నియమం ఉంది. రాసిన చోటే చెరిపి మళ్ళీ రాయడం దానికి చేతకాదు. రాసేటప్పుడు చిన్న చిన్న పేజీలుగా రాస్తుంది. ఒక్కో పేజీ ఇప్పటి చిప్పుల్లో సుమారు 16 కేబీ. చెరిపేటప్పుడు మాత్రం వందలాది పేజీలున్న ఒక బ్లాకును మొత్తంగా చెరపాలి. ఒక్క పేజీని చెరుపుతానంటే కుదరదు. తగాదాకు మూలం ఇక్కడుంది.

ఒక పెళ్ళి సత్రం ఊహించుకోండి. చాలా అంతస్తులు, అంతస్తుకు బోలెడు గదులు. అతిథి దిగాలంటే కడిగిన గది కావాలి. కానీ ఈ సత్రంలో నీళ్ళు వదిలితే అంతస్తు మొత్తం తడుస్తుంది, ఒక్క గదిని కడగడం సాధ్యం కాదు. ఒక అంతస్తులో ముప్పాతిక మంది ఖాళీ చేసి వెళ్ళారు, పావు వంతు ఇంకా ఉన్నారు అనుకోండి. ఉన్నవాళ్ళను సామానుతో సహా వేరే అంతస్తులోని కడిగిన గదుల్లోకి మార్చి, అప్పుడు దీన్ని కడగాలి. ఈ మార్పిడి చేయించే మేనేజరు ఎస్సెస్డీలో కంట్రోలర్ అనే చిప్పు. మార్పిడిని గార్బేజ్ కలెక్షన్ అంటారు, అంటే చెత్త ఎత్తడం. సత్రంలో చోటు బోలెడంత ఉంటే మేనేజరు ఈ పని తీరిక వేళల్లో, మనకు తెలియకుండానే చక్కబెడతాడు. సత్రం కిటకిటలాడుతుంటే కొత్త బస్సు గుమ్మంలో ఆగిన తర్వాత మార్పిడి మొదలవుతుంది. బస్సులోవాళ్ళు వీధిలో నిలబడాలి. మా బావగారి కాపీ నీరసపడటానికి ఒక కారణం ఇది.

ఇందులో ఇంకో చిక్కు. అతిథి చెప్పకుండా వెళ్ళిపోతే? మేనేజరు దృష్టిలో ఆ గది నిండినదే. మార్పిడిలో ఆ వెళ్ళిపోయినవాడి పరుపూ దిండూ కూడా మోయిస్తాడు. మనం ఫైలు తొలగించినప్పుడు తొలినాళ్ళ ఎస్సెస్డీలలో ఇదే జరిగేది, వాటికి తొలగింపు వార్త చేరేది కాదు. ఆ వార్త చేరవేసే ఆదేశం పేరు ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 దీన్ని అందుకుంది, లైనక్స్ 2010లో. ఇప్పటి కంప్యూటర్లలో ట్రిమ్ మామూలుగా దానంతట అదే జరుగుతుంది. అయితే యూఎస్‌బీ తీగతో తగిలించే కొన్ని డబ్బాలు ఈ వార్తను లోపలికి చేరనివ్వవు. పాత ఎస్సెస్డీని డబ్బాలో పెట్టి వాడుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక మేనల్లుడి సగం దగ్గరికి వద్దాం. ఈ సత్రంలో ఆట అంటే ఎవరు? ఏడాదికి గది తీసుకుని తలుపు వేసుకుని కూర్చున్న అతిథి. రాకపోకలు లేవు. పెళ్ళి వీడియో నేడు వచ్చి రేపు పోతుంది, ఎడిటింగు సాఫ్ట్‌వేరు క్షణక్షణం తాత్కాలిక ఫైళ్ళు రాసి చెరుపుతుంది. ఆట అలా కాదు. ఒకసారి ఎక్కించాక దాన్ని చదవడమే ఎక్కువ. ఆటను తెరిచినా, కొత్త రంగంలోకి అడుగుపెట్టినా జరిగేది చదవడమే, రాత నామమాత్రం. చదవడానికి కడిగిన గది అక్కరలేదు. అందువల్ల డ్రైవు నిండినా ఆట తెరుచుకునే వేగం పెద్దగా మారదు. సొంత మెమరీ లేని చవక డ్రైవుల్లో, ఏ సమాచారం ఎక్కడుందో చెప్పే జాబితా పెద్దదయ్యేకొద్దీ కొంచెం తడబాటు రావచ్చు. ఆడేవాడికి అది తెలిసేంత ఉండదు.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. 2014లో శామ్‌సంగ్ 840 ఈవో అనే డ్రైవులో, నెలల తరబడి కదలకుండా ఉన్న పాత ఫైళ్ళను చదివే వేగం బాగా పడిపోయింది. కంపెనీ ఆ ఏడాది అక్టోబరులో ఒక దిద్దుబాటు, 2015లో మరొకటి విడుదల చేసింది. అది డ్రైవు నిండటం వల్ల వచ్చింది కాదు, గడుల్లోని విద్యుదావేశం కాలంతో కొద్దికొద్దిగా జారడం వల్ల వచ్చింది. ఆ నమూనా గొడవను అన్ని డ్రైవులకూ అంటగట్టకూడదు.

గడి అన్నాను గదా, దీన్ని ఇంగ్లీషులో సెల్ అంటారు. మన చేతిలోని సెల్లు కాదు, సమాచారం దాగే అతి చిన్న గూడు. తొలి రోజుల్లో ఒక గడిలో ఒక్క బిట్ దాచేవారు. ధర తగ్గించాలని తర్వాత రెండు, మూడు, ఇప్పుడు నాలుగు బిట్లు కుక్కుతున్నారు. మూడు కుక్కేదాన్ని టీఎల్‌సీ అనీ, నాలుగు కుక్కేదాన్ని క్యూఎల్‌సీ అనీ అంటారు. కుక్కేకొద్దీ రాయడం నిదానమవుతుంది. మంచం మీద ఒకరిని పడుకోబెట్టడం క్షణం పని. నలుగురిని సర్ది పడుకోబెట్టడం ఎంత తతంగమో పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

కంపెనీలవాళ్ళు ఇందుకొక ఉపాయం చేశారు. కొత్తగా వచ్చిన సమాచారాన్ని ముందు ఖాళీ గడుల్లో ఒక్కొక్క బిట్టు చొప్పున చకచకా రాసేస్తారు. తర్వాత తీరికగా ముగ్గురినో నలుగురినో ఒక మంచం మీదికి సర్దుతారు. ఆ తాత్కాలికపు చోటును ఎస్‌ఎల్‌సీ క్యాష్ అంటారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే వేగం ఆ తాత్కాలికపు చోటు ఉన్నంతసేపటి వేగమే. మరి ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? చాలా డ్రైవుల్లో మన ఖాళీ జాగాలోంచే. క్యూఎల్‌సీ డ్రైవులో ఒక జీబీ వేగపు చోటు కావాలంటే నాలుగు జీబీ ఖాళీ ఉండాలి.

2018లో వచ్చిన ఇంటెల్ 660పీ అనే డ్రైవునే తీసుకోండి. దాని 1 టీబీ నమూనాలో, డ్రైవు ఖాళీగా ఉంటే వేగపు చోటు సుమారు 140 జీబీ. నిండుతున్నకొద్దీ అది కుంచించుకుపోయి 12 జీబీకి దిగుతుంది. ఆ చోటు అయిపోయిన తర్వాత రాసే వేగం సెకనుకు 100 ఎంబీ దరిదాపుల్లోకి వస్తుంది, అంటే పాత హార్డ్ డిస్కుతో సమానం. ఖాళీ డ్రైవులో 100 జీబీ కాపీ చేసినవాడు దాన్ని మెచ్చుకుంటాడు. నిండిన డ్రైవులో అదే కాపీ చేసినవాడు తిట్టుకుంటాడు. ఇద్దరిదీ ఒకే డ్రైవు.

బావగారి లెక్క ఇప్పుడు చూడండి. ఆయనదీ 1 టీబీ క్యూఎల్‌సీ డ్రైవే, వేరే కంపెనీది. విండోస్ దాన్ని 931 జీబీ అని చూపిస్తుంది. దుకాణంవాడు మోసం చేశాడని కంగారుపడకండి. కంపెనీ వేయితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది, అంతే తేడా. ఆ 931లో ఆటలు 520, విండోసూ సాఫ్ట్‌వేర్లూ కలిసి 90, ఇచ్చేసిన పాత పెళ్ళిళ్ళు 170. మిగిలింది 151. అందులో మహా అయితే 37 జీబీ వేగపు చోటు. 120 జీబీ వీడియో వచ్చి పడేసరికి ఆ కాస్తా మొదట్లోనే ఖర్చయిపోయింది. కాపీ అయ్యాక మొత్తం మిగిలిన చోటు 31 జీబీ. ఎడిటింగు సాఫ్ట్‌వేరు తాత్కాలిక ఫైళ్ళు దాన్ని కూడా తినేశాయి.

ఆ తర్వాత జరిగిన గోలలో డ్రైవు తప్పు తక్కువ, విండోస్ ఇబ్బంది ఎక్కువ. సీ డ్రైవు మీద విండోస్‌కు సొంత అవసరాలుంటాయి. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు, అప్‌డేట్లు, తాత్కాలిక ఫైళ్ళు అన్నీ అక్కడే. 2019 నుంచి కొత్త కంప్యూటర్లలో విండోస్ సుమారు 7 జీబీ ముందే అట్టేపెట్టుకుంటోంది. అదీ చాలనప్పుడు తడబడుతుంది. అక్కడ హార్డ్ డిస్కు ఉన్నా ఇదే గొడవ వచ్చేది.

ఆటలు పూర్తిగా నిర్దోషులని కూడా అనలేం. అప్‌డేట్ వచ్చినప్పుడు అవీ రాస్తాయి. చాలా ఆటల్లో బొమ్మలూ శబ్దాలూ పెద్ద పెద్ద మూటలుగా కట్టి ఉంటాయి. మూటలో చిన్న ముక్క మారినా మూట మొత్తాన్ని తిరిగి కట్టాల్సి రావచ్చు. అందుకే దిగుమతి అయ్యేది నాలుగైదు జీబీయే అయినా, స్టీమ్‌వంటి చోట అంతకు ఎన్నో రెట్లు ఖాళీ అడుగుతుంది. నిండిన డ్రైవులో ఆ అప్‌డేట్ గంటకు తెమలకపోతే పిల్లవాడు ఇంటర్నెట్‌ను తిడతాడు. పాపం దానిది తప్పు కాదు.

ఆటలు చిన్నవీ కావు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలనీ, ఎస్సెస్డీ తప్పనిసరనీ తయారీదారులే చెప్పారు. అదే ఏడాది వచ్చిన స్టార్‌ఫీల్డ్‌కు 125 జీబీ, దానికీ ఎస్సెస్డీయే. ఇలాంటివి నాలుగు పెడితే 512 జీబీ డ్రైవు కథ ముగిసినట్టే. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోని 825 జీబీలో ఆడేవాడి వాటాకు వచ్చింది 667 జీబీయే. ఆటల యంత్రానికే చోటు చాలనప్పుడు, నాలుగు పనులు చేసే ఇంటి కంప్యూటరు గురించి చెప్పేదేముంది?

మరి ఎంత ఖాళీ ఉంచాలి? కంపెనీలు తమ వంతుగా కొంత చోటు మనకు కనబడకుండా దాచే ఉంచుతాయి, మార్పిడి పనికి అది ఆసరా. దాని మీద మనం పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఖాళీ ఉంచితే చాలు. ఆటలు, చదువు, కాగితాల పని మాత్రమే ఉన్న ఇంటికి పదో వంతు సరిపోతుంది. పెద్ద వీడియోలు రోజూ వచ్చిపోయే చోట ఐదో వంతుకు తగ్గకూడదు. అది క్యూఎల్‌సీ అయితే ఇంకా ఎక్కువ ఉంచుకోవాలి. ఆటలకు విడిగా రెండో డ్రైవు ఉంటే, దాన్ని ఎంత నింపినా నాకు బెంగ లేదు. అప్‌డేట్‌కు కాస్త చోటు వదిలితే సరి.

నింపితే డ్రైవు అరిగిపోతుందా అని కూడా కొందరు అడుగుతారు. అరిగేది నిండటం వల్ల కాదు, రాయడం వల్ల. మంచి 1 టీబీ టీఎల్‌సీ డ్రైవుకు 600 టీబీ రాతలదాకా పూచీ ఇస్తారు. 100 జీబీ ఆటను ఆరు వేల సార్లు ఎక్కించినంత. ఇంటెల్ 660పీ 1 టీబీకి ఇచ్చింది 200 టీబీ, అంటే రెండు వేల సార్లు. అన్నిసార్లు ఎక్కించే ఓపిక మా మేనల్లుడికి కూడా లేదు. కాకపోతే డ్రైవు ఎప్పుడూ అంచుదాకా నిండి ఉంటే, ఒకే అతిథిని పదే పదే మార్చడంలో లోపలి రాతలు పెరిగి అరుగుదల కొంత తొందరపడుతుంది.

డబ్బు పోయే చోటు మరొకటి ఉంది. నమ్మలేనంత చవకగా 2 టీబీ, 4 టీబీ అని అమ్మే బయటి డ్రైవుల్లో నకిలీలు తిరుగుతున్నాయి. లోపల ఉండేది చిన్న మెమరీ, కంప్యూటరుకు మాత్రం పెద్ద అంకె చూపేలా మార్చి ఉంటారు. అసలు చోటు దాటి నింపగానే ఫైళ్ళు మాయమవుతాయి. అక్కడ జరిగేది మందగించడం కాదు, పెళ్ళి వీడియో పోవడం. కొన్న రోజునే డ్రైవును పూర్తిగా నింపి, తిరిగి చదివి సరిచూసే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ముందు ఆ పరీక్ష చేయండి, తర్వాతే నమ్మండి.

హోసూరు తగాదా ఎలా తెమిలిందో చెప్పి సెలవు తీసుకుంటాను. ఫోనులోనే మేనల్లుడి చేత పని చేయించాను. ఇచ్చేసిన పెళ్ళిళ్ళు 170 జీబీ పాత హార్డ్ డిస్కులోకి మార్చాడు. ఇప్పుడు ఆడని రెండు ఆటలు, 130 జీబీ, తీసేశాడు. మిగతావాటి జోలికి పోవద్దన్నాను. డ్రైవు గుర్తు మీద కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లో టూల్స్ లోకి వెళ్ళి ఆప్టిమైజ్ నొక్కించాను. ఎస్సెస్డీ అయితే విండోస్ అక్కడ డీఫ్రాగ్‌కు బదులు ట్రిమ్ పంపుతుంది. ఆ రాత్రి కంప్యూటరును నిద్రపోనివ్వకుండా ఊరికే ఆన్‌లో ఉంచమన్నాను, మేనేజరు అంతస్తులు కడుక్కోవడానికి.

మర్నాడు అంతే పెద్ద వీడియో కాపీ చేస్తే పది నిమిషాల లోపే అయింది. ఆటలు తెరుచుకునే వేగాన్ని మేనల్లుడు ముందూ తర్వాతా గడియారం పెట్టి చూశాడు, తేడా ఏమీ లేదట. కంప్యూటరు మార్చే ఆలోచన బావగారు మానుకున్నారు. దసరాకు రెండో ఎస్సెస్డీ కొని ఆటలన్నీ దానిలోకి పంపుతానన్నారు. అది టీఎల్‌సీయో క్యూఎల్‌సీయో డబ్బా మీద రాయకపోతే కనుక్కునేదెలా అని అడగడానికి తండ్రీ కొడుకులు కలిసే నాకు ఫోను చేశారు. కంపెనీ వెబ్‌సైటులో ఆ నమూనా వివరాల పట్టికలో నాండ్ అన్న మాట ఎదురుగా చూడమన్నాను. అక్కడా లేకపోతే, పూచీ కాగితంలో టీబీడబ్ల్యూ అన్న అంకె చూడమన్నాను. 1 టీబీకి అది 600 దరిదాపుల్లో ఉంటే టీఎల్‌సీ కావచ్చు, 200 దరిదాపుల్లో ఉంటే క్యూఎల్‌సీ అని అనుమానించవచ్చు. ఆటలకు మాత్రమే అయితే అదైనా ఫరవాలేదు బావా అన్నాను.